ఒక్క నిమ్మకాయ పంపండి

రేలీన్ కిట్సన్‌కి ఈ లోకంలో గిట్టని మాటలు రెండే రెండు. "ఏం" ఒకటి, "లేదు" ఒకటి. విడివిడిగా ఉంటే ఫరవాలేదు, కలిపితేనే ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం మూడుంబావుకి మా యారన్‌డిల్ ప్రైమరీ స్కూలు గేటు దగ్గర నిలబడితే ఆ మాటలు రోజూ వినబడతాయి. తల్లి ఎదురొచ్చి "ఇవాళ బళ్లో ఏం చేశావురా?" అంటుంది. బిడ్డ పుస్తకాల సంచీ తల్లి భుజానికి తగిలించి "ఏం లేదు" అంటాడు. పొద్దున తొమ్మిదింటినుంచి ఆ బిడ్డ సాలీడు కాళ్లు లెక్కపెట్టాడు, ఇరవై దాటాక వచ్చే అంకెలతో కుస్తీపట్టాడు, పక్కవాడితో రెండుసార్లు పోట్లాడి మూడుసార్లు కలిసిపోయాడు. అయినా ఏం లేదు. వాళ్ల టీచరు రేలీన్ ఆరుగంటలసేపు గొంతు చించుకుని చెప్పిందంతా ఆ రెండు మాటల్లో కొట్టుకుపోతుంది.

అందుకే ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ ప్రతి శుక్రవారం తల్లిదండ్రులకి ఒక ఉత్తరం పంపడం మొదలుపెట్టింది. ఒకటీ రెండూ తరగతులు కలిపి ఒకే గదిలో ఆవిడే చూస్తుంది, పిల్లలు ఆవిడని మిసెస్ కె అంటారు. ఈ వారం పిల్లలు ఏం చదివారు, లెక్కల్లో ఎంతదాకా వచ్చారు, గాజుసీసాలోని గొంగళిపురుగు ఎలా ఉంది, లైబ్రరీ పుస్తకం ఏ రోజు తేవాలి, అన్నీ ఒక పేజీలో ఉంటాయి. చివర ఎప్పుడూ మూడు ప్రశ్నలు. "ఏం చేశావని అడక్కండి, ఇలా అడగండి: సాలీడుకి ఎన్ని కాళ్లు? ఎవరైనా ఆరంటే ఎందుకు ఒప్పుకోకూడదు? మన సాలీడుకి ఎవరి పేరు పెట్టాం, ఆ మనిషికి కోపం వచ్చిందా?" ఇలా అడిగితే ఏ పిల్లాడూ "ఏం లేదు" అనలేడు. సాలీడుకి స్కూలు ఆఫీసు గుమాస్తా లిన్నెట్ పేరు పెట్టారు. కోపం వచ్చింది.

ఆ ఉత్తరం పసుపు కాగితం మీద ఉంటుంది. దానికి కారణం కూడా లిన్నెట్టే. ఒక ఏడాది కాగితాలు తెప్పించేటప్పుడు అంకె పక్కన ఒక సున్నా ఎక్కువ కొట్టింది. ఆటవస్తువుల కొట్టం నిండా పసుపు కాగితాల పెట్టెలు దిగాయి. అప్పటినుంచి అవి తరగవు. ఊళ్లో అందరూ ఆ ఉత్తరాన్ని "పసుపు కాగితం" అనే అంటారు.

అసలు సంగతి ఇంకా వెనక ఉంది. రేలీన్ చిన్నప్పుడు వాళ్లింట్లో "ఏం చేశావ్?" అని కూడా ఎవరూ అడిగేవాళ్లు కాదు. తండ్రి గోధుమల లారీ తోలేవాడు, తల్లి గొర్రెలబొచ్చు కత్తిరించేవాళ్ల బృందానికి వండిపెట్టేది. ఇద్దరూ ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. రెండో తరగతిలో ఒకరోజు రేలీన్ గడియారం చూడటం నేర్చుకుంది. ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర గోడగడియారానికి ఎదురుగా కూర్చుని, ఎవరో ఒకరు టైమెంత అని అడక్కపోతారా అని కాచుక్కూర్చుంది. ఎవరూ అడగలేదు. యాభై ఏళ్లయినా ఆవిడకి ఆ సంగతి తలుచుకుంటే కష్టంగానే ఉంటుంది.

ఇప్పుడు కొత్త హెడ్మాస్టరు గురించి చెప్పాలి. కల్లమ్ ట్రెస్కాట్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే మీరతన్ని తిట్టుకుంటారు. ముప్ఫై నాలుగేళ్లు, సముద్రతీరపు నగరంనుంచి వచ్చాడు, షూ ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. ఆగస్టు నెలలో ఒక బుధవారం టీచర్ల సమావేశంలో మెల్లగా విషయం కదిపాడు.

"రేలీన్, ఆ పసుపు కాగితానికి వారంలో నీకెంతసేపు పడుతుంది?"

"మూడు గంటలు. వానపడి పిల్లలు బయటికి పోకపోతే నాలుగు."

"ఎంతమంది చదువుతారు?"

"అందరూ."

"నీకెలా తెలుసు?"

ఎలా తెలుసో రేలీన్‌కీ తెలియదు. ఇరవై రెండేళ్లలో ఒక్క కాగితానికీ తిరుగు జవాబు రాలేదు. బాగుందనీ ఎవరూ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"ఫోన్లో పంపేద్దాం," అన్నాడు కల్లమ్. "వారానికి మూడు ఫోటోలు, రెండు వాక్యాలు. ఎంతమంది తెరిచి చూశారో కూడా అదే చెప్తుంది. నీకు మూడు గంటలు మిగుల్తాయి. వచ్చే టర్ము నుంచి మొదలుపెడదామా?"

"రెండు వాక్యాల్లో ఏం చెప్తాను?" అంది రేలీన్. "సాలీడు బతికే ఉంది, లైబ్రరీ గురువారం. అంతేగా?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

పుండు మీద కారం మర్నాడు సాయంత్రం పడింది. మా దేశంలో ఆగస్టంటే చలికాలం, ఇంట్లో కట్టెలపొయ్యి రాజెయ్యాలి. పొయ్యి పక్కన బుట్టలోంచి పాతపేపర్లు తీస్తుంటే, వాటి మధ్య పసుపురంగు కనిపించింది. లాగి చూస్తే పోయిన వారం ఉత్తరం. మీద చిన్న బూటు ముద్ర. దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి.

రేలీన్ భర్త డెస్ స్కూలు బస్సు తోలుతాడు. అప్పుడు సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు.

"డెస్."

"ఆఁ."

"ఇదేంటి?"

డెస్ వెనక్కి తిరిగి చూశాడు. చూసి, దుంపకేసి మళ్లీ తిరిగాడు. "కాగితం."

"ఎక్కడిది?"

"బస్సులో దొరికింది. సీట్ల కింద. పిల్లలు కదా రేల్, పారేసుకుంటారు."

"వారానికి ఎన్ని?"

"ఐదో ఆరో. పందెపు గుర్రాలా ఏంటి, లెక్కపెట్టడానికి."

"ఎన్నాళ్లనుంచి?"

డెస్ ఇంకో దుంప తీసుకున్నాడు. "బస్సు తోలుతున్నప్పట్నుంచి."

"పదకొండేళ్లు! పదకొండేళ్లుగా నా రాతలతో నా ఇంట్లోనే పొయ్యి రాజేస్తున్నావా?"

"చదవకుండా ఒక్కటీ కాల్చలేదు, ఒట్టు," అన్నాడు డెస్. "సాలీడుకి ఎనిమిది కాళ్లని నాకు అలాగే తెలిసింది."

రేలీన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రెండూ చెయ్యకుండా పొయ్యి రాజేసింది. పసుపు కాగితం మాత్రం వెయ్యలేదు.

శుక్రవారం పొద్దున ఆవిడ తరగతి గదిలో కూర్చుని ఉత్తరం రాసింది. కిటికీ అవతల స్కూలు నిమ్మచెట్టు కాయలతో వంగిపోయి ఉంది. లెక్కల గురించి రాసిన పేరాకీ, లైబ్రరీ గురించి రాసిన పేరాకీ మధ్య ఈ మాటలు ఇరికించింది: "ఈ వాక్యం దాకా చదివినవాళ్లు సోమవారం మీ పిల్లల చేతికి ఒక్క నిమ్మకాయ ఇచ్చి పంపండి. ఎందుకని అడగొద్దు."

ఆ కాగితం తీసుకెళ్లి కల్లమ్ బల్ల మీద పెట్టింది. "నాకు పందొమ్మిదిమంది పిల్లలు. సోమవారం పది నిమ్మకాయలొస్తే కాగితం ఉంటుంది. రాకపోతే నీ ఫోటోలు నువ్వు పంపుకో. లిన్నెట్ సాక్షి."

"సాక్షిగా నేనా, సాలీడా?" అంది లిన్నెట్ తన కుర్చీలోంచి.

కల్లమ్ నవ్వి చెయ్యి చాపాడు. పందెం ఖాయమైంది.

నిమ్మకాయల సంగతి అతనికి తెలియదు కాని రేలీన్‌కి బాగా తెలుసు. యారన్‌డిల్‌లో నిమ్మచెట్టు లేని పెరడు లేదు. చలికాలం వస్తే ఊరంతా కాయలే. గేట్లకి సంచులు వేలాడతాయి, "తీసుకుపోండి" అని అట్టముక్క కట్టి ఉంటుంది, తీసుకునే నాథుడుండడు. సూపర్ మార్కెట్లో ఒక చిన్న పళ్లెంలో పదో పన్నెండో పెడతారు గాని, అవి దారేపోయే పరాయివాళ్లకి. ఊరివాళ్లెవరైనా నిమ్మకాయ కొంటే, ఆ ఇంట్లో ఏదో పెద్ద ఆపద వచ్చిందనుకుంటారు. చెట్టుకి బలం ఎక్కడిదంటే మగవాళ్లు మాట మారుస్తారు. చీకటిపడ్డాక పెరట్లోకి వెళ్లి, చెట్టు మొదట్లో ఒక నిమిషం నిలబడి, హాయిగా తిరిగొస్తారు. ఆడవాళ్లు కాయలు రెండుసార్లు కడుగుతారు. అందరికీ తెలిసిందే, ఎవరూ మాట్లాడుకోరు. కాబట్టి నిమ్మకాయ పంపడం ఏ ఇంటికీ కష్టం కాదు. కాగితం చదివితే చాలు.

శనివారం రేలీన్ సూపర్ మార్కెట్‌కి వెళ్లింది. అక్కడ బ్రిడీ లోమాక్స్ కనిపించింది. ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల గోధుమ పొలం వాళ్లది. ఆవిడ కొడుకు ఫ్లెచర్ రెండో తరగతి, కాగితంతో విమానాలు చెయ్యడంలో దిట్ట. బ్రిడీ తోస్తున్న బండినిండా చక్కెర, గుడ్లు, వెన్న. రేలీన్‌ని చూడగానే "హలో" అనీ అనకుండా బండి తిప్పుకుని కుక్క బిస్కట్ల వరుసలోకి దూరింది. లోమాక్స్ వాళ్లకి కుక్క లేదు.

మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానం దగ్గర నలుగురు తల్లులు గుంపుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. రేలీన్ దగ్గరికి వెళ్లేసరికి ఠక్కున ఆపేసి, వాతావరణం గురించి ఎత్తుకున్నారు.

"చదవలేదు," అంది ఆవిడ ఇంటికొచ్చి. "ఒక్కరూ చదవలేదు. చదివినవాళ్లయితే ఎందుకని అడిగేవాళ్లు."

"అడగొద్దని రాశావుగా," అన్నాడు డెస్.

"మనూరి జనం అడగొద్దంటే అడక్కుండా ఉంటారా?"

డెస్ కత్తి తీసుకుని దుంపల దగ్గరికి వెళ్లాడు.

సోమవారం తొమ్మిదింటికి పిల్లలు వచ్చి చాప మీద కూర్చున్నారు. రేలీన్ మామూలుగానే హాజరు తీసుకుంది. తీసుకుని, గొంతు సవరించుకుని, "నాకోసం ఎవరైనా ఏమైనా తెచ్చారా?" అంది.

ఫ్లెచర్ చెయ్యెత్తాడు. అగ్గిపెట్టెలో ఊడిన పన్ను తెచ్చాడు. అది తనదేనన్నాడు, నోరు తెరిచి ఖాళీ చూపించాడు కూడా. ఇంకో పిల్ల బొమ్మ తెచ్చింది. మరెవరూ ఉలకలేదు పలకలేదు.

అప్పుడు వెనకనుంచి మయూమి లేచి వచ్చింది. ఏప్రిల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పిల్ల. తండ్రి ఎర్విన్ ఊరి బయట పందుల ఫారంలో పని చేస్తాడు, తల్లి రోవేనా ఇంట్లోనే ఉంటుంది. గేటు దగ్గర రోవేనా ఎప్పుడూ అందరికంటే వెనక నిలబడి, చిరునవ్వు నవ్వి, పిల్లని తీసుకుని వెళ్లిపోతుంది. ఆవిడకి ఇంగ్లిషు అంతగా రాదని, కాగితం చదివే ఇల్లు కాదని రేలీన్ ఎప్పుడో మనసులో అనేసుకుంది.

మయూమి కోటు జేబులోంచి పొట్లం తీసి రెండు చేతులతో ఇచ్చింది. మెత్తటి కాగితంలో చుట్టిన ఒక నిమ్మకాయ. దాని మీద సూపర్ మార్కెట్ చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"అమ్మ ఎందుకని అడగొద్దంది," అంది మయూమి. "అందుకని నేను అడగట్లేదు."

"మంచి పని చేశావు బంగారం," అంది రేలీన్. కాయని బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టింది. పిల్లలు గమనించలేదు, వాళ్లంతా పన్ను చుట్టూ మూగి ఉన్నారు.

పదకొండింటి విరామంలో కల్లమ్ తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఎన్ని?"

"ఒకటి."

అతని మొహం కూడా వాడిపోయింది. "సారీ, రేలీన్."

"సారీ దేనికి? పందెమంటే పందెమే. టర్ము ఆఖరుదాకా రాస్తాను, ఆ తర్వాత నీ ఫోటోలు."

ఆ రోజంతా ఆవిడ బల్ల మీద ఆ ఒక్క కాయ కూర్చుంది. ఇరవై రెండేళ్లు, ఏడాదికి నలభై కాగితాలు, ఒక నిమ్మకాయ. అదీ కొన్న కాయ.

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి రేలీన్ స్కూలుకి వచ్చేసరికి గేటు ముందు బ్రిడీ లోమాక్స్ వ్యాన్ ఆగి ఉంది. వెనక ఒక బకెట్ నిండా నిమ్మకాయలు, ముందు సీట్లో నాలుగు సీసాల లెమన్ బటర్. గుడ్లూ వెన్నా చక్కెరా నిమ్మరసమూ కలిపి కాచింది, ఇంకా వెచ్చగా ఉంది.

"ఆలస్యమైంది, ఏమనుకోకు," అంది బ్రిడీ. "ఆదివారమంతా కాచాను. మొదటి వాయి విరిగిపోయింది, మళ్లీ ఇవాళ తెల్లవారుజామున కాచాను. శనివారం షాపులో నువ్వెదురుపడ్డావు, గుడ్లు చూసి కనిపెట్టేస్తావని ఎంత భయపడ్డానో!"

రేలీన్ బకెట్ వైపు చూసింది. "నేను ఒక్క కాయ అడిగాను బ్రిడీ. సోమవారం అడిగాను."

"ఒక్క కాయా!" బ్రిడీ గుండె మీద చెయ్యేసుకుంది. "ఒక్క కాయ ఎవరైనా పంపుతారా? జనం ఏమనుకుంటారు? లోమాక్స్ వాళ్ల చెట్టు చచ్చిపోయిందనుకోరూ? మా అత్తగారికి తెలిస్తే సమాధిలోంచి లేచొస్తుంది."

అప్పటికి వెనక ఇంకో కారు ఆగింది. అందులోంచి కేకు దిగింది. ఆ వెనక కారులోంచి రెండు సీసాల షర్బత్, ఉప్పులో ఊరేసిన కాయల జాడీ. తొమ్మిది కొట్టేసరికి పదకొండు ఇళ్లవాళ్లు వచ్చారు. అందరిదీ ఒకే మాట: ఉత్త కాయ ఒకటి పంపడానికి చెయ్యెలా వస్తుంది? శనివారం మైదానం దగ్గర నలుగురు తల్లులు మాట్లాడుకున్నదీ అదేనట. ఎవరు కేకు, ఎవరు బటర్, ఎవరు షర్బత్ అని వంతులు వేసుకుని, బ్రిడీ బటర్ అయ్యేదాకా అందరూ ఆగారట.

"అయితే మీరు చదివారు," అంది రేలీన్.

"చదవకేం? ప్రతి వారం చదువుతాం."

"ఫ్లెచర్ వాటితో విమానాలు చేస్తాడు కదా?"

"వాడు ఒక్కనాడూ ఇంటికి తేలేదు," అంది బ్రిడీ. "పోస్టాఫీసు కిటికీకి అంటించి ఉంటుందిగా. శనివారం ఉత్తరాలు తీసుకోవడానికి వెళ్లి అక్కడే చదువుతాం. ఊరంతా అక్కడే చదువుతుంది."

"ఎవరంటిస్తారు?"

బ్రిడీ వింతగా చూసింది. "డెస్. ఎవరనుకున్నావ్?"

రేలీన్‌కి లెక్క ఇప్పుడు తేలింది. ఇంటికొచ్చే ఉత్తరాలు ఎప్పుడూ డెస్సే తెస్తాడు, ఆవిడ పోస్టాఫీసుకి వెళ్లి ఏళ్లయింది. బస్సులో దొరికిన వాటిలో శుభ్రంగా ఉన్నది కిటికీకి, బూటు ముద్రలున్నవి పొయ్యికి. పదకొండేళ్లుగా ఒక్కమాట చెప్పలేదు మహానుభావుడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక ఆవిడా చెప్పలేదు, తనకి తెలుసని. ఇద్దరి మొండితనం ఒకటే.

మధ్యాహ్నానికి ముసలి వాల్ పర్కిస్ కూడా తోపుడుబండి నిండా కాయలు తోసుకొచ్చాడు. ఆయనకి పిల్లల్లేరు, పెళ్లే కాలేదు. "కాగితంలో అడిగారుగా," అన్నాడు. "మొన్న ఆ భిన్నాల సంగతి రాశారు చూడండి, అరటిపండు ముక్కలతో, నాకిప్పటికి అర్థమైంది."

కల్లమ్ టీచర్ల గదిలో కూర్చుని లెమన్ బటర్ రొట్టెకి రాసుకుని తిన్నాడు. రెండోది కూడా తిన్నాడు. "అద్భుతం! ఈ చెట్లకి అసలేం ఎరువు వేస్తారు?"

లిన్నెట్ చటుక్కున లేచి టీ నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది.

"సరే," అన్నాడు కల్లమ్ వేళ్లు నాక్కుంటూ. "నువ్వే గెలిచావ్ రేలీన్."

"ఓడాను."

"ఏంటి?"

"నేను రాసింది ఒక్క కాయ, సోమవారం. వచ్చింది ఒకటి. బకెట్లూ సీసాలూ మంగళవారం వచ్చాయి."

"పది కాదు, మొత్తం ఊరొచ్చింది! తోపుడుబండి వచ్చింది!"

"అడిగింది సరిగ్గా చదవమని ముప్ఫై ఏళ్లుగా పిల్లల బుర్ర తింటున్నాను," అంది రేలీన్. "ఇప్పుడు నాకు లాభమని నేనే మాట మారుస్తానా? రేపు ఫ్లెచర్ రెండుకి మూడు కలిపి ఏడని రాసి, ప్రేమతో ఎక్కువ రాశానంటే ఒప్పుకోమంటావా?"

గెలిచానని ఆవిడా, ఓడావని అతనూ వాదించుకోవాల్సింది పోయి, అటుదిటయింది. గురువారందాకా వాదించుకున్నారు. కల్లమ్ బతిమాలాడు, ఆజ్ఞ వేస్తానన్నాడు, లిన్నెట్‌ని మధ్యవర్తిత్వానికి పిలిచాడు. లిన్నెట్ "నేను సాలీడుని, నాకు ఓటు లేదు" అంది. రేలీన్ ఇంత మంకుపట్టు పట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అంతమంది చదువుతున్నారని తెలిసి మనసు నిండిన మాట నిజమే, కాని ఆ ప్రశ్నలు ఇంట్లో ఎవరైనా అడుగుతున్నారా? పోస్టాఫీసు దగ్గర నిలబడి నవ్వుకుని వెళ్లిపోతే, మళ్లీ గేటు దగ్గర "ఏం లేదు" తప్పదుగా. ఆ ఒక్కటీ తెలియకుండా గెలుపేమిటని ఆవిడ బాధ.

మధ్యలో బుధవారం నాడు ఆవిడ మయూమి చేతికి ఒక సంచీ నిండా కాయలు, ప్లాస్టిక్ డబ్బాలో లెమన్ బటర్ ఇచ్చి పంపింది. నిమ్మకాయ కొనుక్కున్న ఇంటికి కాయలు పంపడం మా ఊళ్లో ధర్మం.

శుక్రవారం వచ్చింది. పిల్లలు తమ బొమ్మలకి రంగులు వేసుకుంటుంటే, రేలీన్ ఎదురుగా పసుపు కాగితం పెట్టుకుని కూర్చుంది. ఇంకా అయిదు వారాలు రాయాలి, తర్వాత ఆఖరు. ఏం రాయాలో తోచలేదు. ఇరవై రెండేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

మయూమి వచ్చి బల్ల పక్కన నిలబడింది. చేతిలో మడిచిన పసుపు కాగితం. పాత ఉత్తరమే, కాని వెనకవైపు ఖాళీలో నీలం సిరాతో, బడిపిల్లల రాతలా గుండ్రంగా, ఒక్కో అక్షరం జాగ్రత్తగా రాసి ఉంది.

"ప్రియమైన మిసెస్ కె,

ఈ వారం మా ఇంట్లో నేర్చుకున్నవి.

చదువు: మీ కాగితం మూడుసార్లు చదివాం. మొదట నేను. తర్వాత మయూమి. తర్వాత ఎర్విన్ పని నుంచి వచ్చాక ముగ్గురం. ప్రతి వారం అలాగే. కొత్త మాటలు నాలుగు, నా నోట్సులో రాసుకున్నాను.

లెక్కలు: మీరు పంపిన సంచీలో ఇరవై మూడు కాయలు. మయూమి పదుల కుప్పలు పెట్టింది. రెండు పదులు, మూడు ఒకట్లు. ఎర్విన్ ఒకటి తిన్నాడు. అప్పుడు రెండు ఒకట్లు.

సైన్సు: ఏడు గింజలు పెరుగు డబ్బాల్లో నాటాం. ఇంకా ఏమీ రాలేదు. మయూమి గంటకోసారి చూస్తుంది.

ఊరు: ఇక్కడ నిమ్మకాయ కొనకూడదు. షాపులో ఎవరూ చెప్పలేదు. నవ్వారు మాత్రం.

ఇల్లు: మయూమి బడికి వెళ్లిన మొదటి నెల నాకు భయమేసింది. ఏం చేశావంటే ఏం లేదు అనేది. మా భాషలో అడిగినా ఏం లేదు. నా కూతురు నాకు తెలియని చోటికి వెళ్లిపోతోందని ఏడ్చాను. తర్వాత మీ మూడు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. ఇప్పుడు భోజనం అయ్యేదాకా ఆగదు, చెప్తూనే ఉంటుంది.

గుర్తుంచుకోండి: డబ్బా సోమవారం పంపుతాను.

మీ టీచర్‌ని ఇలా అడగండి: మిసెస్ కె, ఈ వారం మీరేం నేర్చుకున్నారు?

రోవేనా."

రేలీన్ చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తలెత్తేసరికి మయూమి ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"అడిగి జవాబు తెమ్మంది అమ్మ," అంది మయూమి. గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు అడిగింది. "మిసెస్ కె, ఈ వారం మీరేం నేర్చుకున్నారు?"

రేలీన్ నోరు తెరిచింది. గోడమీది గడియారం కేసి చూసింది, పిల్లకేసి చూసింది. చెప్పాల్సినవి ఎన్నో ఒక్కసారిగా తోసుకొచ్చి, ఏదీ బయటికి రాక, చివరికి ఆవిడ నోట్లోంచి వచ్చినవి రెండే మాటలు.

"ఏం లేదు."

పందొమ్మిది గొంతులు ఒకేసారి లేచాయి.

"అలా అనకూడదు!"

"మీరే చెప్పారు!"

"మిసెస్ కె ఏం లేదు అంది! మిసెస్ కె ఏం లేదు అంది!" ఫ్లెచర్ కుర్చీ ఎక్కేశాడు.

రేలీన్ పగలబడి నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ గోలకి పక్క గదిలోంచి కల్లమ్ పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ మాట్లాడకుండా నీలం సిరా కాగితం అతని చేతిలో పెట్టింది. అతను గుమ్మంలోనే నిలబడి చదివాడు.

"ఇప్పుడైనా గెలిచావా?" అన్నాడు మెల్లగా.

"పందెం ఓడాను. అందులో మార్పు లేదు," అంది రేలీన్ కాగితం వెనక్కి తీసుకుంటూ. "కాని ఇది ఉత్తరం. ఉత్తరం వస్తే జవాబు రాయాలి. రాయకపోతే మా ఊళ్లో మర్యాద కాదు."

"ఒక్క ఇంటికే కదా?"

"ఒక్కింటికి రాసి పద్దెనిమిది ఇళ్లని వదిలెయ్యమంటావా? బాగుంటుందా?"

"బాగుండదు," అన్నాడు కల్లమ్. "నీ జవాబుకి ఆవిడ మళ్లీ జవాబు రాస్తే?"

"నేనూ రాస్తాను. వచ్చే టర్ము కూడా రాస్తాను. ఫోటోలు కావాలంటే నువ్వు పంపుకో, లిన్నెట్‌వి."

ఆ సాయంత్రం డెస్ బస్సు ఊడిస్తే సీట్ల కింద అయిదు కాగితాలు దొరికాయి. ఎప్పటిలాగే శుభ్రంగా ఉన్నదొకటి వేరు చేసి, ఇంటికి వెళ్లే దారిలో పోస్టాఫీసు ముందు బస్సు ఆపాడు. పాత కాగితం పీకి, కొత్తది అంటించి, మూలలు బొటనవేలితో అదిమాడు. అంటించాక మామూలుగా అక్కడే నిలబడి చదువుతాడు. చలిగాలికి కాలరు పైకి లాక్కుని చదవడం మొదలుపెట్టాడు.

"ఈ వారం మీ టీచర్ నేర్చుకున్నవి. ఒకటి: ఈ కాగితాన్ని ఈ కిటికీకి అంటించే మనిషి పదకొండేళ్లుగా ప్రతి ముక్కా చదువుతున్నాడు. ఆయన ఈ వాక్యం దాకా వచ్చి ఉంటే, ఇంటికి త్వరగా రావాలి. లెమన్ బటర్ ఇంకో సీసా ఉంది."